స్విఫ్ట్ కనెక్షన్: సర్వీస్ బ్యూరోను ధర చూసి తీసుకోవచ్చా?

అనంతపురం, అర్బన్ బ్యాంకు ఐటీ: అందరికీ నమస్తే. మా కోఆపరేటివ్ బ్యాంకుకు విదేశీ మారకం లైసెన్స్ ఉంది. తాడిపత్రి వైపు నుంచి గల్ఫ్‌కు అరటి పంపే కస్టమర్లున్నారు. వాళ్ల ఎల్‌సీ (కొనేవాళ్ల బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మెసేజ్‌లు ఇన్నాళ్లూ ఒక పెద్ద బ్యాంకు ద్వారానే నడిచాయి. ఇప్పుడు సొంతంగా స్విఫ్ట్‌లో, అంటే దేశదేశాల బ్యాంకుల మధ్య మెసేజ్‌లు నడిపే నెట్‌వర్క్‌లో, చేరుతున్నాం. మమ్మల్ని దానికి కలిపే సర్వీస్ బ్యూరోలు రెండింటి నుంచి కొటేషన్లు వచ్చాయి, ఒకటి బాగా చవక. బోర్డు దాని వైపే మొగ్గుతోంది, నాకేమో టెన్షన్.

కర్నూలు నుంచి: ధర చివర్లో చూడు తమ్ముడూ. ముందు బ్యూరో సిస్టమ్ మీ కోర్ బ్యాంకింగ్‌తో (ఖాతాల లెక్కలన్నీ ఉండే సాఫ్ట్‌వేర్) నేరుగా కలుస్తుందా అడుగు. 2018లో బయటపడిన పంజాబ్ నేషనల్ బ్యాంకు (పీఎన్‌బీ) మోసంలో స్విఫ్ట్ మెసేజ్‌లు కోర్ బ్యాంకింగ్‌లో నమోదు కాకుండానే వెళ్లిపోయాయి. మనిషి రెండుచోట్లా టైప్ చేసే పద్ధతి అస్సలు ఒప్పుకోవద్దు. ఇంకోటి, బ్యూరోకు అప్పగించినా బాధ్యత మీదే. స్విఫ్ట్ భద్రతా నియమాలు పాటిస్తున్నామని ఏటా మీ బ్యాంకే ధ్రువీకరించాలి, దాన్ని స్వతంత్రంగా ఎవరైనా పరిశీలించాలి కూడా. 2016లో బంగ్లాదేశ్ బ్యాంకు నుంచి 8.1 కోట్ల డాలర్లు పోయింది స్విఫ్ట్ నెట్‌వర్క్‌లోకి చొరబడి కాదు, బ్యాంకు సొంత కంప్యూటర్లలోకి దొంగలు దూరి. బోర్డుకు ఇదే చెప్పు.

కడప నుంచి: డెమోలో ఎంటీ 700 (ఎల్‌సీ తెరిచే మెసేజ్) ఒకటి, పాక్స్.008 (చెల్లింపు మెసేజ్) ఒకటి పంపించి చూపమనండి సార్. చెల్లింపులు ఐఎస్ఓ 20022 అనే కొత్త మెసేజ్ ఫార్మాట్‌కు మారాయి, ఎల్‌సీలు ఇంకా పాత ఎంటీ ఫార్మాట్‌లోనే ఉన్నాయి. మీకు రెండూ కావాలి.

అనంతపురం: థాంక్యూ అన్నా, సార్. చవక కొటేషన్‌లో కోర్ బ్యాంకింగ్ అనుసంధానం ప్రస్తావనే లేదు. రేపే రాతపూర్వకంగా అడుగుతా.