మా ఆయన హెచ్-1 పొడిగించారు, మరి నా హెచ్-4 సంగతేంటి?

రాజాం అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది రాజాం, ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాం. మా ఆయన హెచ్-1 ఉద్యోగ వీసా పొడిగింపు వచ్చేసింది, 2028 దాకా ఉంది. నాది ఆయన మీద ఆధారపడిన హెచ్-4. ఇంక ఇద్దరికీ వచ్చినట్టేనని చుట్టుపక్కల వాళ్లంతా అంటున్నారు గానీ ఆ కాగితం మీద నా పేరెక్కడా లేదు. నా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తీసి చూస్తే మే నెలాఖరుకే అయిపోతోంది, సరిగ్గా నా పాస్‌పోర్టు గడువు ముగిసే రోజే. ఇక్కడే ఉండి పొడిగించుకోవచ్చా, ఇండియా వచ్చి కొత్త వీసా స్టాంపింగ్ చేయించుకోవాలా? శ్రావణంలో మా చెల్లి పెళ్లి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి అన్నయ్య:
మంచిపని చేశావమ్మా, ముందే చూసుకున్నావు. పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే ఎయిర్‌పోర్టులో అధికారి చాలాసార్లు ఐ-94ని కూడా ఆ తేదీకే కత్తిరించేస్తాడు. వీసా స్టాంపు మీద ఇంకో రెండేళ్లున్నా లెక్కలోకి రాదు, నువ్వు ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది ఐ-94 ఒక్కటే. కంపెనీ వేసే ఐ-129 దరఖాస్తు మీ ఆయనకి మాత్రమే. నీకు విడిగా ఐ-539 అనే పొడిగింపు దరఖాస్తు వేయాలి. కొందరు లాయర్లు రెండూ కలిపి వేస్తారు, కొన్ని కంపెనీలు భార్య సంగతి అసలు పట్టించుకోవు, అడిగితేగానీ చెప్పరు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే గడువు దాటితే నష్టపోయేది ఆ అమ్మాయే కదా. 180 రోజులు మించి ఉండి బయటికెళ్తే 3 ఏళ్లు, ఏడాది దాటితే 10 ఏళ్లు మళ్లీ రానివ్వరు.

గడువుకి 6 నెలల ముందు నుంచీ వేయొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీదైతే 470. మీ ఆయన ఐ-797 (అప్రూవల్ నోటీసు), పే స్లిప్పులు, ఇద్దరి పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్ జత చేయాలి. ఐ-94 తేదీలోపు దరఖాస్తు వాళ్లకి చేరితే, జవాబు ఆలస్యమైనా నువ్వు అక్కడే ఉండొచ్చు.

శ్రీకాకుళం శ్రావణి:
అక్కా, తప్పనిసరి అయితే తప్ప స్టాంపింగ్ కోసం రావద్దు. నేను అలా వచ్చి ఇండియాలోనే ఉండిపోయాను. 2025 సెప్టెంబర్ నుంచి హెచ్-4 వాళ్లకి కూడా డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి వచ్చే పద్ధతి) తీసేశారు, దాదాపు అందరూ ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. ఆపైన డిసెంబర్ 15 నుంచి సోషల్ మీడియా ఖాతాలు చూడటం మొదలుపెట్టి అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి తోసేశారు, అందులో నాదీ ఒకటి. ఖాతాలన్నీ పబ్లిక్‌లో పెట్టి ఎదురుచూస్తున్నాను. మా ఆయన, బాబు టెక్సస్‌లో ఉన్నారు. రోజూ సాయంత్రం ఆరున్నరకి ఇక్కడ అమ్మ దీపం పెట్టే వేళకి వాడు బడికి తయారవుతుంటాడు. వాళ్ల నాన్న హడావుడిలో చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెడితే, నేను ఫోన్‌లో చూసి పైనుంచి రెండోది విప్పమని చెబుతాను. అందరూ బానే ఉన్నాం, కానీ ఇలా ఉండటం చాలా కష్టం.

నరసన్నపేట వాసి:
ఉద్యోగం చేసే హెచ్-4 వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. హెచ్-1 వాళ్లకి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయి ఉంటే భార్యకో భర్తకో ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఇవ్వడం 2015 మేలో మొదలైంది. మొన్నటిదాకా రెన్యువల్ వేస్తే పాత కార్డు దానంతటదే కొన్నాళ్లు పొడిగిపోయేది. 2025 అక్టోబర్ 30 నుంచి వేసినవాటికి అది లేదు, కార్డు మీద తేదీ దాటితే పని ఆపేయాల్సిందే. 180 రోజుల ముందే వేయొచ్చు, మేము ఆ మొదటి రోజే వేశాం. అయినా కార్డు ఆలస్యమై మా ఆవిడ ఉద్యోగం ఆగింది, ఆఫీసువాళ్లు మంచివాళ్లు కాబట్టి చోటు ఖాళీగా ఉంచారు. డ్రైవింగ్ లైసెన్సు కూడా చాలా రాష్ట్రాల్లో ఐ-94తోనే ముడిపడి ఉంటుంది, అదీ చూసుకోండి.

చీపురుపల్లి టు లీడ్స్:
యూకేలో కూడా డిపెండెంట్ ఎవరికి వారే వేయాలి. గడువులోపు వేస్తే జవాబు వచ్చేదాకా పాత హక్కులతోనే ఉండొచ్చు, పని కూడా చేసుకోవచ్చు. కానీ ఆ మధ్యలో ఇండియా వచ్చేస్తే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే హెల్త్ సర్‌చార్జి పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, మొత్తం కాలానికీ ముందే కట్టించుకుంటారు, డబ్బు సిద్ధంగా పెట్టుకోండి.

గంటస్తంభం మాస్టారు:
అమ్మా, నేను విజయనగరంలో ఉంటాను, ఆడపిల్ల తండ్రిని. మా అమ్మాయి పెళ్లి అన్నవరంలో చేశాం. దేవస్థానం వాళ్ల రసీదు ఉంది గానీ అది చాలదు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిన సర్టిఫికెట్ కావాలి. అందులో మా ఇంటిపేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఉన్నట్టు లేదు, ఒక అక్షరం తేడా. దాన్ని సరిచేయించడానికి పెళ్లి ఫొటోలు, శుభలేఖ, పదో తరగతి సర్టిఫికెట్ పట్టుకుని తిరిగాను. ఇక్కడున్న తల్లిదండ్రులు ఆ కాగితం ఇప్పుడే తీసి అక్షరం అక్షరం పోల్చి చూడండి. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చి తీరాలన్న రూలేమీ లేదు, పుట్టింటి పేరుతోనే మా అమ్మాయికి పనంతా అయింది.

రాజాం అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. అంటే కొత్త పాస్‌పోర్టు వచ్చాకే ఐ-539 వేయాలా? చెల్లి పెళ్లికి రావడం కుదరదా?

బొబ్బిలి అన్నయ్య:
పాస్‌పోర్టుకి వీఎఫ్‌ఎస్‌లో (దరఖాస్తులు తీసుకునే సెంటర్) ఈ వారమే వేసెయ్, కొత్తది చేతికొచ్చాక దాంతోనే ఐ-539 వేస్తే మంచిది. ఒకవేళ అది ఆలస్యమైతే మాత్రం ఆగకు, మే గడువు దాటకుండా వేసి తీరాలి, అంతలో లాయర్‌తో ఒకసారి మాట్లాడు. ఐ-539 మధ్యలో ఉండగా దేశం దాటితే దానికి విలువ ఉండదు. అప్రూవల్ వచ్చేసినా అది అక్కడ ఉండటానికే గానీ, బయటికెళ్లి మళ్లీ అడుగుపెట్టాలంటే చెల్లే స్టాంపు ఉండాలి. నీ స్టాంపు మీద తేదీ ఇంకా మిగిలి ఉంటే నిశ్చింతగా పెళ్లికి వెళ్లు, తిరిగొచ్చేటప్పుడు కొత్త పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టు, మీ ఆయన కొత్త ఐ-797 మూడూ చూపిస్తే ఐ-94 ఆ ఐ-797 తేదీకి ఇచ్చే అవకాశం ఉంది, బయటికి రాగానే ఆన్‌లైన్‌లో సరిచూసుకో. స్టాంపు అయిపోయి ఉంటే మాత్రం హైదరాబాద్ అపాయింట్‌మెంట్ ఖాయమయ్యేదాకా టికెట్ కొనొద్దు. స్టాంపు మీద తేదీ ఎంతుందో చెప్పు.