‘ఈగర్’ అంటే ఆసక్తా, ఆత్రమా? మెయిల్‌లో రాయొచ్చా?

మాది మిర్యాలగూడ. సోమవారం హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అయింది, రేపు సాయంత్రంలోగా వాళ్లకు మెయిల్ పెట్టాలి. అందులో ‘ఐ యామ్ ఈగర్ టు జాయిన్’ అని రాసుకున్నాను. మా అన్న చూసి, “గంత ఆత్రం చూపిస్తే జీతం తక్కువ చెప్తరు, తీసెయ్‌రా” అన్నాడు.

డిక్షనరీ తీస్తే ఆసక్తి, ఉత్సుకత, ఆతురత, ఆత్రం అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. మన దగ్గర ఆత్రం అంటే సగం తిట్టే కదా, పెండ్లిలో విస్తరి వేయకముందే బంతిలో కూర్చున్నోణ్ని అనే మాట. ఫోన్‌లో అనువాదం కూడా చూశాను, వాక్యం కొంచెం మార్చగానే తెలుగు మాట కూడా మారిపోతోంది. పోనీ ‘యాంక్షస్’ పెడదామంటే దాంట్లో టెన్షన్ కూడా వినిపిస్తుంది, ఉన్నది చాలు. ‘కీన్’ పెడితే ‘కీన్ టు జాయిన్’ అనొచ్చు, ‘కీన్ ఆన్ జాయినింగ్’ అనీ అనొచ్చు, కానీ నా నోటికి అది కొత్తగా ఉంది. గ్రామర్‌తో నాకు పేచీ లేదు, ‘ఈగర్’ తర్వాత ‘టు’ పెట్టి క్రియ రాయాలని తెలుసు, చదివేవాళ్లకు ఎలా తగులుతుందన్నదే తేలడం లేదు.

ఆఫీసుల్లో రోజూ ఇంగ్లీషు మెయిళ్లు చూసేవాళ్లు చెప్పండి: ‘ఈగర్ టు జాయిన్’ అని చదివితే మీకు ఉత్సాహం కనిపిస్తుందా, తొందరపాటు కనిపిస్తుందా?