స్కీల అంచులకు ఇంట్లోనే పదును పెట్టుకోవడం: తుప్పు, ఆకురాయి, మైనం గురించి సలహా కావాలి

ప్రశ్న (అమలాపురం నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఆరేళ్లు కొలరాడోలో ఉద్యోగం చేసి, రెండేళ్ల క్రితం అమలాపురం తిరిగి వచ్చాను. సామానుతోపాటు, మంచు మీద జారడానికి బూట్లకు తగిలించుకునే పొడవాటి పలకలైన నా స్కీల జతను కూడా తెచ్చుకున్నందుకు, కొబ్బరితోటల్లో వీటి మీద ఎక్కడ జారతావని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. ఏటా ఫిబ్రవరిలో ఒక వారం కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లే అలవాటు ఉండడంతో వాటిని వదులుకోలేకపోయాను.

మిగిలిన యాభై ఒక్క వారాలూ అవి మేడమీద గదిలో, జిప్పు వేసిన సంచిలోనే ఉంటాయి. ఈసారి వానలు తగ్గాక తీసి చూస్తే ఉక్కు అంచుల పొడవునా ఎర్రటి తుప్పు పట్టి ఉంది. ఎడమ స్కీకి బూటు నిలిచే చోట గోటితో తడిమితే చిన్న చిన్న గుంటలు కూడా తగులుతున్నాయి. దీనికి తోడు, నిరుడు పదును తగ్గిందని రంపాలు సానబట్టే ఒక దుకాణంలో ఇస్తే, ఆయన తిరిగే చక్రానికి ఆనించగానే నిప్పురవ్వలు లేచి, ముందు కొన దగ్గర జానెడు మేర అంచు నీలిరంగు తిరిగింది. అక్కడితో ఆపించి ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఈ పనిని ఇంట్లో, దొరికే పనిముట్లతో చేసుకోవడం సాధ్యమేనా? బాగా జారడానికి అడుగున మైనం పట్టించాలి కదా, దానికి బట్టల ఇస్త్రీపెట్టె పనికి వస్తుందా? అన్నిటికన్నా ముఖ్యంగా, మన తేమలో మళ్లీ తుప్పు పట్టకుండా ఎలా దాచుకోవాలి?

సమాధానం (పాలకొల్లు నుంచి)

అండీ, నేను వడ్రంగం చేసేవాణ్ణి. స్కీలను ఎన్నడూ ముట్టుకోలేదు గాని, ఉక్కు సంగతి కొంత తెలుసు. ఉక్కు నీలిరంగు తిరిగిందంటే ఆ చోట గట్టిదనం తగ్గిపోయినట్టే లెక్క. ఉలికైతే ఆ మేరకు అరగదీసి కొత్త ఉక్కు బయటికి తీస్తాం. మీ అంచుకు అంత మందం ఉండదు కాబట్టి ఆ జానెడూ ఎంత సానబెట్టినా పదును త్వరగా పోతుంది. నీళ్లు పోయకుండా వేగంగా తిరిగే చక్రం దగ్గరికి మాత్రం ఇక తీసుకువెళ్లకండి.

మంచి ఆకురాయి చాలు. పళ్లు ఒకే వైపు వాలిన ఒంటిగాటు ఆకురాయిని తీసుకుని, సుద్దముక్కతో దాని మీద బాగా రుద్దితే ఉక్కుపొడి పళ్లలో ఇరుక్కోదు. పళ్లు కోసే దిశలోనే నడిపి, తిరిగి వచ్చేటప్పుడు పైకి ఎత్తాలి. ముందుకూ వెనక్కూ రాపాడిస్తే పనికంటే ముందు ఆకురాయే మొద్దుబారుతుంది. చెవి కూడా దగ్గర పెట్టుకోండి. సరిగా కోస్తున్నప్పుడు సన్నగా, ఒకే తీరున చప్పుడు వస్తుంది. కీచుమని అరిచిందంటే అక్కడ ఉక్కు కోసుకోవడం లేదు, ఆకురాయి జారుతోంది. బలం పెంచకుండా అక్కడ ఆగి చూడండి.

సమాధానం (డెన్వర్ నుంచి, స్వస్థలం రాజోలు)

చక్రం గురించి పైవారు చెప్పింది అక్షరాలా నిజం. చదువుకునే రోజుల్లో ఇక్కడ స్కీలు అద్దెకిచ్చే ఒక దుకాణంలో రెండు శీతాకాలాలు ఇదే పని చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

స్కీ అంచును కత్తిపీటతో పోల్చుకుంటే మొదటే పొరపాటు జరుగుతుంది. దానికి అడుగు వైపు ఒక ముఖం, పక్క వైపు ఒక ముఖం ఉంటాయి. ఆ రెండూ కలిసే మూలే గట్టిమంచును పట్టి నిలుస్తుంది. సాధారణంగా అడుగు ముఖాన్ని ఒక డిగ్రీ, పక్క ముఖాన్ని రెండు డిగ్రీలు వాలుస్తారు కాబట్టి, 90కి అడుగు వైపు ఒకటి కలిసి, పక్క వైపు రెండు తగ్గి, ఆ మూల 89 డిగ్రీలు ఉంటుంది. అంటే పదును పలచదనంలో లేదు, మూల గుండ్రం కాకుండా ఉండడంలో ఉంది. వడ్రంగి చెక్కను నునుపు చేసే గీకుడు రేకు పనిచేసేదీ ఇలాగే. అడుగు ముఖాన్ని ఇంట్లో అరగదీయవద్దు. అక్కడ కోణం ఎక్కువైతే, దాన్ని సరిచేయడానికి అడుగంతటినీ యంత్రం మీద చదును చేయించవలసి వస్తుంది. మీ పనంతా పక్క ముఖం మీదే.

రెండు డిగ్రీలు చేతి అంచనాకు అందవు కాబట్టి, ఆకురాయిని కోణంలో పట్టి ఉంచే చిన్న గైడ్ ఒకటి కొనుక్కోండి. ఈ పనిలో పొదుపు చేయకూడనిది అదొక్కటే. బూటు ఊడినప్పుడు స్కీ జారిపోకుండా ఆపే బ్రేకు కాళ్లు అడ్డు రాకుండా వెనక్కి లాగి, సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేయండి. తుప్పును ముందుగా రబ్బరులో గరుకుపొడి కలిపి చేసే మెత్తటి రాయితో తీసేయాలి. రాళ్లకు కొట్టుకున్న చోట ఉక్కు మరింత గట్టిపడి ఉంటుంది. ఆకురాయి కీచుమనేది ముఖ్యంగా అక్కడే. ఆ చోటులను ముందు వజ్రపుపొడి అద్దిన డైమండ్ రాయితో తగ్గించి, ఆ తరువాతే ఆకురాయి పట్టాలి. పక్క ముఖానికి మార్కర్ పెన్నుతో నల్లరంగు పూసి ఒకసారి నడిపి చూడండి. సిరా వెడల్పంతా సమంగా పోతే కోణం కుదిరినట్టు. ఆఖరున సన్నగరుకు డైమండ్ రాయితో నునుపు చేసి, మూలన నిలబడిన సన్నటి ఉక్కుపొరను మెత్తటి రాయితో తేలికగా తుడిచేయాలి. గోటి వెనక భాగాన్ని అంచుకు అడ్డంగా లాగితే తెల్లటి పొడి రాలాలి. ఇంతకుమించి పదును కోసం తాపత్రయపడకండి. గుల్మార్గ్‌లో అఫర్వత్ వాలు మీద కొత్తగా పడిన లోతైన మంచులో అంచుతో పని తక్కువ. ఉదయాన్నే గడ్డకట్టి ఉన్న బాటల మీదే దాని అవసరం తెలుస్తుంది.

గుంటలను అడుగంటా తీసేయాలని చూడకండి. అంచు వెడల్పే సుమారు రెండు మిల్లీమీటర్లు. అరిగింది తిరిగి రాదు. గుంట మూల మీద లేకపోతే దాని వల్ల నష్టమేమీ లేదు.

ఇస్త్రీపెట్టె పనికి వస్తుంది గాని, ఆవిరి రంధ్రాలు లేని పాతదై ఉండాలి, ఇకపై దాన్ని బట్టలకు వాడకూడదు. స్కీ అడుగు పాలిథిలీన్‌తో చేసింది కాబట్టి పెట్టెను ఒక్కచోట నిలపకుండా నడుపుతూనే ఉండండి. మైనం పొగలు కక్కితే వేడి ఎక్కువైనట్టు. బాగా చల్లారాక ప్లాస్టిక్ పలకతో గీకి, నైలాన్ బ్రష్‌తో తోమాలి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగుల బిగువు సంఖ్యను మాత్రం ఇంట్లో మార్చవద్దు, దాన్ని యంత్రం మీద పరీక్షించగల దుకాణానికే వదిలేయండి.

సమాధానం (నరసాపురం నుంచి)

మాది సముద్రానికి దగ్గర ఊరు, ఇక్కడి ఉప్పుగాలికి తలుపు గడియలు కూడా నిలవవు. మా నాన్నగారు కోతలు అయ్యాక కొడవళ్లకు కొబ్బరినూనె రాసి చూరులో దోపేవారు. ఏళ్ల తరబడి తుప్పు ఎరగం. స్కీలకు కూడా అదే సరిపోదా?

సమాధానం (డెన్వర్ నుంచి)

కొడవలికి నాన్నగారి పద్ధతే సరైనది. స్కీ విషయంలో మాత్రం ఆ నూనె అంచు నుంచి అడుగుకు పాకుతుంది, అప్పుడు మైనం పట్టుకోదు. అందుకే ఇక్కడ మైనమే నూనె పని చేస్తుంది. సీజను ముగియగానే స్కీలను తుడిచి పూర్తిగా ఆరబెట్టి, అడుగుతోపాటు ఉక్కు అంచులు కూడా మునిగేలా మందంగా మైనం పోసి, గీకకుండా అలాగే ఉంచేయాలి. మళ్లీ బయలుదేరే ముందే గీకాలి. అమలాపురం మిత్రుడి అసలు తప్పు ఆ జిప్పు సంచి. తడి ఆరకుండా మూసిన సంచి కంటే, గాలి ఆడే గదిలో గోడకు ఆనించి ఉంచడం మేలు. రేకుల కప్పు కింద అటకమీద కూడా వద్దు, వేసవి వేడికి మైనం మెత్తబడి కారుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యుడు (అమలాపురం నుంచి)

మీ అందరికీ కృతజ్ఞతలు. గైడ్, రాళ్లు, మైనం మా బావమరిది అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. గీకడానికి నేమ్‌బోర్డులు చేసే దుకాణంలో మిగిలిన అక్రిలిక్ ముక్క ఉచితంగా దొరికింది. మొదటిసారి ఆకురాయి నడిపినప్పుడు మూల పక్కన వెంట్రుకంత సిరాగీత మిగిలిపోయింది. గైడ్‌ను తిప్పి చూస్తే దాని అడుగున పాత మైనం, ఉక్కుపొడి కలిసి బియ్యపుగింజంత ఉండ అంటుకుని ఉంది. దాన్ని తుడిచి మళ్లీ పట్టాక సిరా సమంగా పోయింది, గోరు నుంచి పొడి రాలింది. నీలిరంగు పట్టిన జానెడులో కూడా ప్రస్తుతానికి రాలుతోంది గాని, పాలకొల్లు వారు చెప్పినట్టు అక్కడ ఎంతసేపు నిలుస్తుందో గుల్మార్గ్‌లో మొదటి రోజు సాయంత్రానికి తెలిసిపోతుంది.

గుంటల్లో రెండు ఇంకా కనిపిస్తున్నాయి, వాటిని అలాగే వదిలేశాను. మైనం నిన్న రాత్రి మందంగా పోశాను. మా అమ్మ ఆ ఇస్త్రీపెట్టెకు ఎర్రదారం కట్టి, నా స్కీల పక్కనే పెట్టేసింది.