రంగూన్ మరచెంబు డల్లాస్ వెళ్లబోతోంది, కళాయి వేయించాలా?

తార్నాక అమ్మాయి:
మా తాతమ్మవాళ్లు శ్రీకాకుళం నుంచి రంగూన్ వెళ్లి బతికినవాళ్లు. 1941 డిసెంబరులో ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాక, వేలమందితోపాటు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు నడిచొచ్చారు. ఒంటి మీది బంగారం దారిలో బియ్యానికే పోయింది. మిగిలింది ఈ ఇత్తడి మరచెంబు. మూత మీద తాతమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. భుజం దగ్గర పెద్ద సొట్ట. మర మాత్రం ఇప్పటికీ గట్టిదే, నీళ్లు పోసి బోర్లించినా చుక్క కారదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు తమ్ముడు దీన్ని డల్లాస్ తీసుకెళ్తానంటున్నాడు. వాడి కూతురు ఫోన్‌లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పించుకుంటుందో! దాని చేతికే చేరాలని నాకూ ఉంది. కానీ వాడు సొట్ట తీయించి, మెరుగు పెట్టించి అద్దాల బీరువాలో పెడతాడట. నాకు ప్రాణం ఒప్పడం లేదు. లోపల కళాయి పోయింది. వేయిస్తే పేరు చెడుతుందా? విమానంలో పోనిస్తారా?

బేగంబజార్ బాబాయ్:
కళాయి లోపలికే కదమ్మా, మూత అసలు ఇవ్వకు. చెంబు కాల్చి, నవసాగరం చల్లి, తగరం కరిగించి దూదితో రుద్దుతారు. మర చుట్ల మీద తగరం పడనివ్వొద్దని ముందే చెప్పు, పడితే మూత పట్టదు. మెషీన్ మెరుగు మాత్రం వద్దే వద్దు, అక్షరాలు అరిగేది దానికే. చింతపండుతో తోము, చాలు. పెళ్లి బిర్యానీ దేగ్చాలకు కళాయి వేసేవాళ్లు పాతబస్తీలో ఇంకా ఉన్నారు.

సుధ_మల్కాజిగిరి:
ముందు వయసు తేల్చుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన వస్తువును మనంతట మనం దేశం దాటించకూడదు. అనుమానముంటే పురావస్తు సర్వే వాళ్లకు చూపించి, పురావస్తువు కాదని కాగితం తీసుకోండి. సంక్రాంతి దాకా ఆగొద్దు.

తార్నాక అమ్మాయి:
ఇద్దరికీ థాంక్స్. పెళ్లయి రంగూన్ వెళ్లాక 1934లో కొన్నారని అమ్మ చెప్పింది, అయినా కాగితం తీసుకుంటాం. సొట్ట ముత్తాత నెత్తి మీది మూట కొండ దిగేటప్పుడు జారి పడితే పడిందట. అది తీయించేది లేదని తమ్ముడికి చెప్పేశాను, ఒప్పుకున్నాడు. బీరువా దగ్గరే ఇంకా పేచీ. పాప దాంట్లో నీళ్లు తాగాలని నా పట్టు. బాబాయ్, పాతబస్తీలో ఏ గల్లీయో కాస్త చెప్తారా?