సీఎస్ఆర్ కింద సైన్స్ ల్యాబ్ అడగాలి, లెటర్ ఎలా రాయాలి?

మాది జెడ్పీ హైస్కూల్, నేను మ్యాథ్స్ చెప్తాను. దగ్గర్లో ఒక ఫ్యాక్టరీ ఉంది, సీఎస్ఆర్ ఫండ్స్ (కంపెనీలు సమాజం కోసం ఖర్చు పెట్టే డబ్బు) ఉంటాయి కదా, సైన్స్ ల్యాబ్, మ్యాథ్స్ కిట్లు అడుగుదామంటే హెచ్ఎం గారు లెటర్ నువ్వే రాయమ్మా అన్నారు. అసలు వాళ్ళు ఇవ్వాల్సిందేనా, దయతలిస్తేనా?

— మేడం, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చూడండి. ముందు ఏడాది నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 500 కోట్లు గానీ టర్నోవర్ 1000 కోట్లు గానీ నికర లాభం 5 కోట్లు గానీ ఉంటే, గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం ఖర్చు పెట్టాలి. పెట్టాల్సిందే, కానీ మీ స్కూల్‌కే పెట్టాలని ఎక్కడా లేదు, చెట్లకీ ఆస్పత్రులకీ అదే డబ్బు. చుట్టుపక్కల ఊళ్ళకి ప్రాధాన్యం ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది, లెటర్లో ఆ మాట మొదటే పడెయ్యండి. క్యాష్ అడక్కండి. కంపెనీ తనే కొనివ్వొచ్చు, లేదా సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ (సీఎస్ఆర్ పనులు చేసే సంస్థలు ప్రభుత్వం దగ్గర చేయించుకునేది) ఉన్న ట్రస్టు ద్వారా చేయించొచ్చు. కొత్త ఏడాది ప్లాన్ బోర్డులో ఓకే అయ్యాక వెళ్తే లాభం లేదు, జనవరిలోనే కలవండి. విద్యాంజలి పోర్టల్‌లో (స్కూళ్ళు తమ అవసరాలు పెట్టే కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైట్) కూడా అవసరం పెట్టండి, ఖర్చేం లేదు.

— సార్ చెప్పింది కరెక్టే గానీ నా గోడు కూడా వినండి. మాకు ఒక కంపెనీవాళ్ళు ఎనిమిది మైక్రోస్కోపులు ఇచ్చారు, రిబ్బన్ కటింగ్, ఫొటోలు అన్నీ అయ్యాయి, వాడటం మాత్రం ఎవరూ నేర్పలేదు, బయాలజీ మేడం ట్రాన్స్‌ఫర్ అయ్యాక బీరువా తాళం ఎవరి దగ్గరుందో కూడా తెలీదు, రెండు వానాకాలాలు పోయాక తీస్తే లెన్సులకి బూజు. స్లైడ్లు, లిట్మస్ పేపర్లు, యాసిడ్లు అయిపోతే మళ్ళీ ఎవరు కొనాలి? అందుకే వస్తువులు సగం తగ్గించుకునైనా సరే టీచర్లకి రెండ్రోజుల ట్రైనింగ్, రెండేళ్ళ సరుకు రాయించుకోండి.

మరి మ్యాథ్స్‌కి?

— కిట్ల కన్నా మనిషిని అడగండి మేడం. భిన్నాలు చెప్పడానికి కాగితం మడిస్తే చాలు, భాగహారం రాని ఆరో తరగతి పిల్లల దగ్గర సాయంత్రం గంట కూర్చునే వాలంటీర్ దొరికితే అంతకన్నా ఏం కావాలి. ఆ ఫ్యాక్టరీలో ఇంజనీర్లు ఉండరా ఏంటి.

ఇది బాగుంది సార్. ఇంతకీ మా ల్యాబ్‌లోనూ ఒక బీరువా ఉంది, నేను చేరినప్పటి నుంచి తెరవడం చూడలేదు. రేపు తాళం వెతికించి, స్టాక్ రిజిస్టర్‌తో పోల్చి చూసుకున్నాకే లెటర్ రాస్తా.