కింద కొట్టినా తెల్ల బంతి వెనక్కి రావడం లేదు, కొత్త క్యూ కొనాలా?

ప్రశ్న: అనంతపురం, డిగ్రీ విద్యార్థి

అందరికీ నమస్కారం. ఏడాదిగా మా ఊళ్లోని ఒక పార్లర్‌లో పూల్ (టేబుల్ మీద క్యూ అనే కర్రతో బంతులను పాకెట్లలోకి కొట్టే ఆట) ఆడుతున్నాను. బంతులు పాకెట్లలో వేయడం వరకు చేయి కుదిరింది. తెల్ల బంతి మాత్రం నా మాట వినడం లేదు. స్క్రూ కోసం, అంటే తెల్ల బంతి తగిలాక వెనక్కి రావాలని, దాని కిందికి గురిపెట్టి కొడితే, దగ్గరి బంతికైతే జానెడు వెనక్కి వస్తుంది. మూడడుగుల దూరంలో ఉంటే తగిలిన చోటే ఆగుతుంది, ఒక్కోసారి ముందుకే పోతుంది. సైడ్ ఇస్తే, అంటే బంతిని నడిమికి కుడి లేదా ఎడమ పక్కన కొడితే, గురే తప్పుతోంది. పార్లర్ కర్రలతో ఆట ఇంతేనని, సొంత క్యూ కొనుక్కోమని తోటివాళ్లు అంటున్నారు. ట్యూషన్లు చెప్పి ఆరు వేలు కూడబెట్టాను. వచ్చే ఆదివారం బెంగళూరు వెళ్లి కొనాలనుకుంటున్నాను. ఎంత బరువుది, ఎలాంటి టిప్ ఉన్నది చూడాలి? అప్పుడప్పుడు స్నూకర్ కూడా ఆడతాను.

జవాబు: కర్నూలు, ఇరవై ఏళ్లుగా ఆడుతున్న వ్యక్తి

తమ్ముడూ, బస్సు టికెట్ తీసుకునే ముందు ఒక సాయంత్రం పార్లర్‌లో కొన్ని పరీక్షలు చెయ్యి. ఆ ఆరు వేలు ఎంత కష్టపడి దాచావో ఊహించగలను కాబట్టే చెబుతున్నాను.

ముందు నువ్వు వాడే కర్ర టిప్ చూడు. స్పిన్ ఇచ్చేది కర్ర కాదు, దాని చివరనున్న ఆ చిన్న తోలు ముక్క. తోలు టిప్‌ను 19వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాన్సుకు చెందిన మింగో అనే సైనికాధికారి వాడుకలోకి తెచ్చాడని చెబుతారు. అంతకుముందు వట్టి చెక్కతో కొట్టేవారు కాబట్టి నడిమికి కాస్త పక్కగా తాకినా కర్ర జారిపోయేది. పార్లర్ కర్రల్లో చాలా వాటి టిప్ అరిగి, బల్లపరుపుగా, అద్దంలా నున్నగా ఉంటుంది. అలాంటి టిప్ మీద చాక్ నిలవదు. పూల్ టిప్ వంపు రూపాయి నాణెం అంచు వంపుతో సరిపోవాలి. నాణేన్ని పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పార్లర్ వాళ్లను అడిగి ఉప్పుకాగితంతో కాస్త గరుకు చెయ్యి, ప్రతి షాట్‌కు ముందు చాక్ పట్టించు. ఈ చాక్ బడిలో రాసే సుద్ద కాదు, సిలికా లాంటి గరుకు పొడి. టిప్ మీద ముద్దగా రుద్దకుండా అన్ని వైపులా పలచగా పూయాలి.

తర్వాత తెల్ల బంతిని చూడు. పార్లర్లలో తెల్ల బంతి పగిలినా పోయినా వేరే సెట్ నుంచి ఒకటి తెచ్చి పెడతారు. దాన్ని రెండు రంగు బంతుల మధ్య ఆనించి, పైన స్కేలు పెట్టు. స్కేలు ఊగితే తెల్ల బంతి పెద్దదన్నమాట, అంటే బరువు కూడా ఎక్కువే. బరువైన బంతి అవతలి బంతిని కొట్టాక కూడా ముందుకే నెట్టుకుపోతుంది, నువ్వు ఎంత కిందికి కొట్టినా సగం ఫలితమే. నేను మూడు నెలలు ఇలాంటి బంతితో ఆడి, తప్పంతా నా చేతిదే అనుకుని కుమిలిపోయాను.

ఇక అసలు పరీక్ష. తొమ్మిది నుంచి పదిహేను వరకు అంకెలున్న బంతులకు మధ్యలో రంగు పట్టీ ఉంటుంది కదా, వాటిలో ఒకదాన్ని తెల్ల బంతి బదులు పెట్టు. పట్టీ నేలకు సమాంతరంగా ఉండాలి. టిప్‌కు చాక్ బాగా పట్టించి, పట్టీ కింది అంచుకు గురిపెట్టి స్క్రూ కొట్టు. బంతిని తీసి చాక్ మచ్చ ఎక్కడ పడిందో చూడు. ఆ మచ్చ ఫోటో ఇక్కడ పెట్టు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. టిప్ నిజంగానే పలకలా ఉంది. స్కేలు కూడా కొద్దిగా ఊగింది. కానీ ఆశ్చర్యపరిచింది మచ్చ. పది షాట్లు కొడితే ఏడింటిలో పట్టీ మధ్యలో, అంటే దాదాపు నడిమధ్య పడింది. నేను కిందికే గురిపెట్టానని ఒట్టేసి చెప్పగలను.

జవాబు: కర్నూలు

నీ మాట నమ్ముతాను, ఎందుకంటే దాదాపు అందరికీ మొదట్లో ఇలాగే పడుతుంది. గురి కిందే ఉంటుంది, కొట్టే క్షణంలో టిప్ పైకి లేస్తుంది. గట్టిగా కొట్టాలనే ఆత్రంలో పిడికిలి బిగుస్తుంది, మోచేయి కిందికి జారుతుంది, దానితో ముందు కొన పైకి వస్తుంది. ఇంకొందరు బంతి వెనక్కి వస్తుంటే దారికి అడ్డమవుతామని భయపడి, తగిలీ తగలకముందే కర్రను వెనక్కి లాగేస్తారు. రెండూ స్క్రూను చంపేస్తాయి.

కర్రను పిట్టను పట్టుకున్నంత వదులుగా పట్టుకో. ఎడమ చేతి వంతెనను, అంటే కర్రను ఆనించే వేళ్లను, కిందికి దించు. కర్ర వెనుక భాగాన్ని పైకెత్తి టిప్‌ను కిందికి దింపడం వేరు, వంతెననే దించడం వేరు. కర్ర వీలైనంత నేలకు సమాంతరంగానే ఉండాలి. కొట్టాక టిప్ బంతి ఉన్న చోటును దాటి ఒక జానెడు ముందుకు వెళ్లి, టేబుల్ మీది బట్టకు దగ్గరగా ఆగాలి. అక్కడే ఆపి, తల ఎత్తకుండా ఒకసారి చూసుకో. ఇంట్లో పూల్ టేబుల్ లేకపోయినా బల్ల మీద ఖాళీ గాజు సీసాను పడుకోబెట్టి, దాని మూతిలోకి తాకకుండా కర్రను ఆడించు. రోజూ పది నిమిషాలు చాలు.

జవాబు: కడప, ఫిజిక్స్ అధ్యాపకుడు

దూరం పెరిగితే స్క్రూ ఎందుకు పోతుందో నేను చెబుతాను బాబూ. చిన్నప్పుడు చేతి గాజును నేల మీద ముందుకు విసురుతూ వేళ్లతో వెనక్కి తిప్పే ఆట ఆడే ఉంటావు. గాజు కొంత దూరం జారి, ఆగి, మన దగ్గరికే దొర్లుకుంటూ వస్తుంది. తెల్ల బంతి చేసేదీ అదే. వెనక్కి తిరుగుతూ ముందుకు జారుతుంది. దారి పొడుగునా బట్ట రాపిడి ఆ తిరుగుడును తినేస్తుంది. ముందుగా తిరుగుడు సున్నా అవుతుంది, ఆపైన బంతి మామూలుగా ముందుకు దొర్లడం మొదలవుతుంది. సున్నా అయిన చోట అవతలి బంతి నిండుగా తగిలితే, గోలీలాటలో మాదిరి మన బంతి ఉన్నచోటే నిలబడిపోతుంది. దాన్నే స్టన్ అంటారు. నీకు మూడడుగుల దగ్గర జరుగుతున్నది ఇదే.

నడిమికి ఎంత కింద తాకావన్నదే తిరుగుడుకూ వేగానికీ ఉన్న నిష్పత్తిని తేలుస్తుంది. బలంగా కొడితే ఆ నిష్పత్తి మారదు, కానీ బట్టకు దాన్ని తినే వ్యవధి తగ్గుతుంది. వేగం రెట్టింపయితే వెనుక తిరుగుడు సుమారు నాలుగు రెట్ల దూరం నిలుస్తుంది. కాబట్టి ముందు తాకే చోటు సరిచేసుకో, ఆ తర్వాతే బలం పెంచు. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు. నడిమి నుంచి 14 మిల్లీమీటర్ల వరకు, అంటే వ్యాసార్ధంలో సగం వరకు టిప్ పట్టు నిలుస్తుంది, దాటితే జారుతుంది. పట్టీ బంతిలో పట్టీ అంచు కూడా దాదాపు అక్కడే ఉంటుంది. పైకి కొట్టేటప్పుడు 11 మిల్లీమీటర్ల ఎత్తు చాలు, జారడమే లేకుండా మొదటి నుంచే దొర్లుతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త కొరియోలిస్ 1835లోనే బిలియర్డ్స్ బంతుల గణితం మీద ఒక గ్రంథమే రాశాడు. తరగతిలో ఈ లెక్క చెప్పిన రోజు ఏ విద్యార్థీ కిటికీ వైపు చూడడు.

సైడ్‌కు గురి తప్పడం నీ చేతి దోషం ఒక్కటే కాదు. కుడివైపు తాకితే బంతి గురి గీత నుంచి కొద్దిగా ఎడమకు నెట్టుకుపోతుంది. కర్ర వెనుక భాగం ఎత్తి ఉంటే దారిలో మళ్లీ కుడికి వంపు తిరుగుతుంది. స్క్రూ కుదిరేదాకా సైడ్ జోలికి వెళ్లకు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

సార్, గాజు ఉదాహరణతో ఒక్కసారిగా అర్థమైంది. వారం రోజులు సాధన చేశాక మచ్చ ఇప్పుడు పట్టీ అంచుకు దగ్గరగా పడుతోంది. మూడడుగుల నుంచి అడుగున్నర వెనక్కి వచ్చింది! అయినా సొంత కర్ర మీద మనసు పోవడం లేదు అన్నా. ఏది కొనమంటారు?

జవాబు: కర్నూలు

ఇప్పుడు కొను, సంతోషంగా కొను. రోజూ ఒకే కర్రతో ఆడితే చేతికి ఒక లెక్క కుదురుతుంది, సొంత కర్రతో వచ్చే అసలు లాభం అదే.

పూల్ ఒక్కటే ఆడేవాడివైతే మేపుల్ చెక్క, 58 అంగుళాల పొడవు, 19 ఔన్సులు అంటే సుమారు 540 గ్రాములు, 12 నుంచి 13 మిల్లీమీటర్ల టిప్. స్నూకర్ క్యూ టిప్ 9 నుంచి 10 మిల్లీమీటర్లే ఉంటుంది, చెక్క సాధారణంగా యాష్. రెండూ ఆడతానన్నావు కాబట్టి 11 మిల్లీమీటర్లది దొరికితే ఆలోచించు, కానీ నీ ఆటలో ముప్పాతిక వంతు పూలే అయితే పూల్ క్యూయే తీసుకో. టిప్ మధ్యస్థ గట్టితనం ఉన్నది చాలు. మెత్తనిది త్వరగా అణిగి అంచులు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి.

దుకాణంలో కర్రను టేబుల్ మీద దొర్లించి చూపిస్తారు. దాన్ని ఒక్కదాన్నే నమ్మకు. వెనుక కొన కంటికి ఆనించి తుపాకీ గురిచూసినట్టు చూడు, నెమ్మదిగా తిప్పుతూ చూడు. రెండు ముక్కల కర్ర అయితే బిగించాక అరచేతితో మెల్లగా తట్టు, అతుకు దగ్గర గలగలమంటే వద్దు. టిప్ కింద ఉండే తెల్ల కట్టు, అంటే ఫెరూల్‌లో పగులు ఉంటే పక్కన పెట్టెయ్. రంగులకూ చిత్రాలకూ డబ్బు పెట్టకు. నాలుగు వేలలో నిటారు కర్ర దొరికితే మిగిలిన డబ్బుతో రెండు మంచి టిప్‌లు, ఒక గట్టి పెట్టె కొనుక్కో.

పెట్టె ఎందుకంటే మన ఎండలు నీకు తెలిసినవే. మేలో మధ్యాహ్నం కారులో వదిలేసిన చెక్క కర్ర వంగిపోతే దాన్ని మళ్లీ నిలబెట్టలేం. గోడకు ఆనించి కూడా వదిలేయకు. ఆట అయ్యాక పొడి గుడ్డతో చెమట తుడిచి, పెట్టెలో పెట్టి, మంచం కింద చల్లగా ఉన్న చోట పడుకోబెట్టు. కొన్నాక పట్టీ బంతితో మళ్లీ పది షాట్లు కొట్టి మచ్చలు చూపించు. కొత్త కర్రతో మొదటి వారం మచ్చ చెదురుతుంది, కంగారుపడకు.