క్లెరిక్ లేకుండా నలుగురి పార్టీ నిలబడుతుందా?

గోస్తని (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో, ఊహా పాత్రలతో ఆడే కథల ఆట) ఆడుతున్నాం. 2014 నాటి అయిదో ఎడిషన్ నియమాలే మాకు ఆధారం. కథ నడిపే డంజన్ మాస్టర్‌ని నేను, ఆడేవాళ్లు నలుగురు. వచ్చే నెలలో ఒకటో లెవెల్ నుంచి కొత్త క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలుపెట్టాలని, బొర్రా గుహలను మనసులో ఉంచుకుని, కొండ కడుపులో పారే ఏరునూ, సున్నపురాతి స్తంభాల చాటున పొంచి ఉన్న గోబ్లిన్లనే పొట్టి రాక్షసులనూ, అట్టడుగున ఓగర్ అనే భారీ రాక్షసుణ్ణీ సిద్ధం చేసుకున్నాను.

చిక్కు పాత్రల ఎంపిక దగ్గర వచ్చింది. ముగ్గురు ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), విజార్డ్ (మాంత్రికుడు) తీసుకున్నారు. నాలుగో మనిషి మా పిన్ని కూతురు. అందరికన్నా చిన్నది, గాజువాక నుంచి బస్సులో వచ్చి ఆడి వెళ్తుంది. గడిచిన రెండు క్యాంపెయిన్లలోనూ ఆఖరున ఎంచుకునే వంతు తనకే వచ్చింది. రెండుసార్లూ "గాయాలు మాన్పే హీలర్ లేరు కదా, నువ్వు క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి) తీసుకో" అన్నారు, మారుమాట లేకుండా తీసుకుంది. ఈసారి రేంజర్‌గా (జాడ పట్టే వేటగాడిగా) ఆడాలని ఉందని నాతో విడిగా చెప్పింది. ఆ సంగతి నేను బయటపెట్టగానే మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు. క్లెరిక్ లేని పార్టీ (జట్టు) రెండో పోరుకే నేలకూలుతుందని వాళ్ల వాదన. చెల్లెలని వెనకేసుకొస్తున్నాడని వాళ్లు అనుకోకుండా, నియమాల బలంతోనే జవాబు చెప్పాలని ఉంది. వాళ్ల మాటలో నిజమెంత?

ఎర్రమట్టిదిబ్బలు

గోస్తని గారూ, ముందు కొంచెం చరిత్ర చెప్పనివ్వండి, ఎందుకంటే మీ మిత్రుల నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను వెలువరించినప్పుడు ఉన్న క్లాసులు (పాత్రల రకాలు) మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. దొంగ, అంటే ఇప్పటి రోగ్, 1975లో వచ్చిన అనుబంధంతో చేరాడు. ఆర్నెసన్ బల్ల దగ్గర ఒక ఆటగాడి రక్తపిశాచం మిగతావారికి కొరకరాని కొయ్యగా తయారైతే, దాన్ని నిలువరించడానికి క్లెరిక్‌ను కల్పించారు. ఆ తొలి నియమాల్లో ఒకటో లెవెల్ క్లెరిక్‌కు మంత్రం ఒక్కటి కూడా లేదు! గాయాలు మాన్పడం ఆ క్లాస్‌కు రెండో లెవెల్ నుంచే సాధ్యమయ్యేది.

హీలర్ తప్పనిసరి అన్న అలవాటు నిలిచిపోవడానికి కారణం వేరే ఉంది. అడ్వాన్స్‌డ్ నియమాల తొలి ఎడిషన్‌లో విశ్రాంతి తీసుకుంటే రోజుకు ఒక్క హిట్ పాయింట్ (పాత్ర ప్రాణబలానికి కొలత) తిరిగి వచ్చేది. పది పాయింట్లు పోతే పది రోజులు పడుకోవాలి, లేదా పక్కన క్లెరిక్ ఉండాలి. మీరు ఆడుతున్న నియమాల్లో ఆ పరిస్థితే లేదు. ఎనిమిది గంటల సుదీర్ఘ విశ్రాంతితో పాయింట్లన్నీ తిరిగి వస్తాయి, ఒక గంట విశ్రాంతిలో హిట్ డైస్ (కోలుకోవడానికి వేసే పాచికలు) ఖర్చుపెట్టి ఎవరికి వారే కోలుకోవచ్చు. ఫైటర్‌కు సెకండ్ విండ్ ఉంది కనుక, ఒకటో లెవెల్‌లో ఒక పది ముఖాల పాచికకు ఒకటి కలిపినన్ని పాయింట్లు పోరు మధ్యలోనే తనకు తాను తెచ్చుకుంటాడు.

ఇక లెక్క చూద్దాం. మీ ఓగర్ దెబ్బ సరాసరి 13 పాయింట్లు. గాయాలు మాన్పే ఒకటో లెవెల్ మంత్రం క్యూర్ వూండ్స్ ఒక ఎనిమిది ముఖాల పాచిక మీద ఆధారపడుతుంది, దానికి 3 కలిపినా సరాసరి ఏడున్నర. ఓగర్ దెబ్బ రెండింట ఒకసారే తగులుతుందనుకున్నా రౌండుకు ఆరున్నర పోతుంది. అంటే క్లెరిక్ తన వంతు మొత్తం వెచ్చించి ఆ గాయాన్ని పూడ్చగలిగేది ఉన్న రెండు స్లాట్లు (మంత్రం వేసే అవకాశాలు) అయిపోయేవరకే, అంటే రెండు రౌండ్లు, ఆ రెండు రౌండ్లలోనూ క్లెరిక్ చేత ఓగర్ ఒంటి మీద గీత కూడా పడదు. మీ విజార్డ్ స్లీప్ మంత్రం వేస్తే సరాసరి 22.5 పాయింట్ల మేర శత్రువులు నిద్రలోకి జారుకుంటారు. ఒక్కో గోబ్లిన్‌కు 7 పాయింట్లు, కాబట్టి ముగ్గురు గోబ్లిన్లు ఒక్క మంత్రంతో పోరు నుంచి తప్పుకుంటారు. వాళ్ల బాణాలు తగిలి ఉంటే ఒక్కో దానికి సరాసరి 5 పాయింట్లు పోయేవి. తగలని దెబ్బకు వైద్యం అక్కర్లేదు, ఆ పని చేసినవాడు విజార్డ్ అయినా పార్టీని కాపాడినట్టే.

మరొక మాట, దీన్ని గట్టిగా చెబుతున్నాను. నలుగురు ఒకటో లెవెల్ వాళ్లకు ప్రాణాంతకమైన పోరు 400 అనుభవ పాయింట్ల (శత్రువును గెలిస్తే వచ్చేవి) దగ్గర మొదలవుతుందని డంజన్ మాస్టర్ నియమాలు చెబుతున్నాయి. ఓగర్ ఒక్కడే 450. క్లెరిక్ ఉన్నా లేకున్నా ఆ పోరు ప్రాణాంతకమే. రెండో లెవెల్‌కు వచ్చాక ఎదురుపడనిస్తే అదే ఓగర్ నలుగురికీ మధ్యస్థమైన పోరు అవుతాడు. మీ మిత్రులు భయపడుతున్న ప్రమాదాన్ని తప్పించవలసింది మీరు, మీ చెల్లెలు కాదు.

ఉక్కునగరం

పై లెక్క సరైనదే. అయినా అందులో ఒక ముఖ్యమైన సంగతి మిగిలిపోయింది. పోరులో వైద్యం విలువ పాయింట్లను పూడ్చడంలో కన్నా, పడిపోయినవాణ్ణి లేపడంలో ఎక్కువ. సున్నాకు చేరినవాడు ప్రతి వంతులోనూ ప్రాణం కోసం ఇరవై ముఖాల పాచిక వేయాలి. మూడుసార్లు విఫలమైతే చనిపోతాడు. హీలింగ్ వర్డ్ మంత్రం అరవై అడుగుల దూరం నుంచి, బోనస్ యాక్షన్‌తోనే (వంతులో దొరికే అదనపు చిన్న చర్యతోనే) అతణ్ణి కళ్లు తెరిపిస్తుంది. మీ పార్టీలో అది చేయగలవారు లేరు. ఆ లోటును ఒప్పుకుని, వేరే విధంగా పూడ్చుకోవాలి.

అయిదు బంగారు నాణేలకు పదిసార్లు వాడగల హీలర్స్ కిట్ దొరుకుతుంది. అది చేతిలో ఉంటే ఎవరైనా, పాచిక వేయకుండానే, పడిపోయినవాడి ప్రాణం నిలబెట్టవచ్చు. ఫైటర్ దగ్గర ఒకటి, రోగ్ దగ్గర ఒకటి ఉంచండి. హీలింగ్ పోషన్ ఖరీదు యాభై నాణేలు, మొదట్లో అంత డబ్బుండదు కనుక గుహ ముఖద్వారం దగ్గరే రెండు మూడు దొరికేలా చూడండి.

క్లాస్‌నూ రోల్‌నూ (జట్టులో చేసే పనినీ) విడదీసి చూడమని మీ మిత్రులకు చెప్పండి. విరాటుని కొలువులో భీముడు వంటవాడు, అర్జునుడు నాట్యాచార్యుడు. వాళ్లకు వచ్చిన విద్య ఒకటి, ఆ ఏడాది చేపట్టిన పని మరొకటి, అవసరం పడిననాడు వంటశాల మనిషే కీచకుణ్ణి చంపాడు. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఈ రోల్స్‌కు నేరుగా పేర్లే పెట్టింది: డిఫెండర్, స్ట్రైకర్, లీడర్, కంట్రోలర్. అందులో క్లెరిక్‌ను హీలర్ అనలేదు, లీడర్ అన్నారు. అదే లీడర్ రోల్‌లో మంత్రం ఒక్కటీ రాని వార్‌లార్డ్ అనే యోధుణ్ణి కూడా పెట్టారు. ఆ చూపుతో మీ పార్టీని చూస్తే ఇరుకు సందులో అడ్డంగా నిలబడే ఫైటర్, గుంపును అదుపు చేసే విజార్డ్, దెబ్బ కొట్టే రోగ్, దూరం నుంచి బాణం వేసే రేంజర్ కనబడతారు. ఫైటర్ శత్రువు పక్కన నిలబడితేనే రోగ్ స్నీక్ అటాక్ (అదనపు గాయం చేసే దెబ్బ) తేలిగ్గా పడుతుంది, కాబట్టి వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆడాలి.

నిజంగా లోటు ఉన్నది ఇంకోచోట. ఈ నలుగురిలో మాటకారి ఎవరు? గోబ్లిన్ నాయకుడితో బేరమాడవలసి వస్తే ముందుకు వచ్చేదెవరు? ఆ సంగతి ఎవరూ అడగలేదు. రోగ్ తన ఎక్స్‌పర్టీజ్‌లో (ప్రత్యేక నైపుణ్యాల్లో) ఒకదాన్ని పర్సుయేషన్‌కు, అంటే మాటలతో ఒప్పించడానికి, ఇస్తే సరిపోతుంది.

రేంజర్‌కు రెండో లెవెల్‌లో గుడ్‌బెర్రీ మంత్రం అందుబాటులోకి వస్తుంది. ఒక్కసారి వేస్తే పది పండ్లు, ఒక్కో పండుకు ఒక పాయింట్. మీ చెల్లెలు దాన్ని తీసుకుంటే ముగ్గురూ శాంతిస్తారని నా సూచన.

ఎర్రమట్టిదిబ్బలు

ఉక్కునగరం గారూ, మీరు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, ఆ చివరి సూచన తప్ప. రెండో లెవెల్ రేంజర్‌కు తెలిసే మంత్రాలు రెండే, ఉండే స్లాట్లు రెండే. వాటిలో ఒకటి ఇతరుల కోసమని ముందే రాసిపెడితే, క్లెరిక్ అన్న పేరు మార్చి ఆ బరువునే మళ్లీ ఆమె భుజాన పెట్టినట్టు అవుతుంది. హంటర్స్ మార్క్ మంత్రం తీసుకుని శత్రువు వెంటపడాలని ఆమెకు ఉండవచ్చు. గుడ్‌బెర్రీ కావాలని తనంతట తాను అంటే సంతోషమే. షరతుగా మాత్రం పెట్టవద్దు.

మీరు చెప్పిన హీలర్స్ కిట్ మార్గం నాకు నచ్చింది, ఎందుకంటే ఆ పని నలుగురి మధ్యా పంచబడుతుంది.

ఉక్కునగరం

మీ అభ్యంతరం న్యాయంగా ఉంది. ఆ సూచనను వెనక్కి తీసుకుంటున్నాను.

గోస్తని

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న ఆట మొదలుకాకముందు ఓగర్ లెక్కనూ, క్యూర్ వూండ్స్ లెక్కనూ కాగితం మీద రాసి నలుగురి ముందూ పెట్టాను. ఫైటర్ ఆడే మిత్రుడు చాలాసేపు దాన్ని చూసి, తాను ఇన్నాళ్లూ సెకండ్ విండ్‌ను ఆఖరి క్షణం దాకా దాచుకుని, ప్రతి దెబ్బకూ క్లెరిక్ వైపు తిరిగేవాణ్ణని చెప్పాడు. కిట్ తానే మోస్తానన్నాడు. రెండోది రోగ్ తీసుకుంది. ఓగర్‌ను రెండో లెవెల్‌కు జరిపాను, ఏటి ఒడ్డున మూడు పోషన్లున్న పాత సంచీ ఒకటి చేర్చాను.

ఇకపై మా బల్ల దగ్గర క్లాస్ ఎంచుకునే వరుసను పాచిక వేసి నిర్ణయిస్తాం. నిన్న వేస్తే చెల్లికి పద్దెనిమిది పడింది, తనదే మొదటి వంతు. రేంజర్ అని రాసుకుంది. మంత్రాల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. సాయంత్రం బస్సెక్కేముందు మాత్రం, గుహలోకి దారితీసే అడుగుజాడలు ఎన్ని రోజుల నాటివో తన పాత్రకు తెలుస్తుందా అని అడిగింది. వచ్చే ఆదివారంలోగా ఆ జాడలు ఎవరివో నేను నిర్ణయించాలి.